మీరేవిట్లు?

కాకినాడలో అద్దె గది కోసం తిరిగినన్నాళ్ళూ నన్ను ముందుగా అడిగింది అద్దె కట్టగలవా అని కాదు, "మీరేవిట్లు బాబూ?" అని. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. నీ కులమేంట్రా అని మొహమ్మీద అడగడం బాగోదని పెద్దకులాలవాళ్ళు కనిపెట్టుకున్న మర్యాద మాట ఇది. ముందు ఏ ఊరంటారు. తర్వాత ఊళ్ళో ఎక్కడంటారు. అప్పటికీ తేలకపోతే ఈ మాట బయటికి తీస్తారు.

మాది ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి గోపురం మా పేటలోంచి కూడా కనపడుతుంది. కనపడటం వేరు, ఆ వీధిలో ఉండటం వేరు. మాది కాలవ అవతల మాలపేట. దక్షుడు యజ్ఞం చేసింది మా ఊళ్ళోనే అంటారు. పిలవకుండా వెళ్తే కన్నకూతురికైనా ఏం జరుగుతుందో ఆ కథలోనే ఉంది. మేం కూతుళ్ళం కూడా కాదు.

మా ఇంటిపేరు ఊళ్ళో పెద్దకులంవాళ్ళలో కూడా ఉంది. ఆ ఇంటిపేరే నాకు గొడుగు. ఎవరైనా "ఏవిట్లు" అంటే "ఫలానావారమండీ" అని ఇంటిపేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. వాళ్ళకి కావలసింది వాళ్ళే అనుకునేవారు. అలా 2013లో ఒక మేడ మీద గది దొరికింది. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి, ఒక ప్రైవేటు స్కూల్లో నెలకి ఏడువేలకి పాఠాలు చెప్పుకునే రోజులు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. ఇంటావిడ "మాస్టారూ" అని పిలిచేది. సంక్రాంతికి అరిసెలు పెట్టింది.

అప్పుడు అమ్మ వచ్చింది నన్ను చూడ్డానికి. కువైట్‌లో పదకొండేళ్ళు అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసొచ్చిన మనిషి. ఇంటావిడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మామూలుగానే అడిగింది. అమ్మ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "మాలోళ్ళమండీ, ఆయ్. దాక్షారం పేట" అంది. తడుముకోలేదు. తల దించలేదు.

నెలాఖరుకి "మా అమ్మాయి పురిటికొస్తోంది, గది కావాలి మాస్టారూ" అన్నారు. ఆ గ్లాసు ఏమైందో నాకు తెలీదు. నేను చూడలేదు. చూస్తే ఏం కనపడుతుందో అని చూడలేదు.

సామాను ఆటోలో వేసుకుని వస్తూ దారంతా అమ్మని తిట్టాను. "చెప్పకపోతే ఏం పోయింది? నీకు బుద్ధుందా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మ ఒక్కటే మాటంది. "అడిగింది కదరా, చెప్పేను. దొంగతనం చేసొచ్చేమా?"

ఈ మాట అడిగేవాళ్ళు లేని చోటికి పోవాలనిపించింది. చైనా వెళ్ళడానికి అదే కారణం. డబ్బు కూడా కారణమే, కాదనను. కానీ ముందు ఇదే.

యూనివర్సిటీ హాస్టల్లో నాతో ఉన్న ఒకతను విశాఖపట్నంలో ఒక ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. చైనాలో ఊరూరా ఇంగ్లీషు ట్యూషను సెంటర్లున్నాయి, మాస్టార్లు చాలడం లేదు, నెలకి అరవైవేలు అన్నాడు. లక్షన్నర అడిగాడు. అమ్మ కువైట్ నుంచి తెచ్చుకున్న నాలుగు కాసులూ అమ్మేసింది. నేను తిట్టిన తిట్లు గుర్తున్నట్టు కూడా లేదు ఆవిడకి.

పేటలో తలో మాటా అన్నారు. పాములు తింటారంట అన్నారు కొందరు. మా మామయ్య మాత్రం మురిసిపోయాడు. కుర్రతనంలో పేటకొచ్చిన అన్నలు చెప్పిన చైనా ఆయన కళ్ళల్లో ఇంకా ఉంది. "భూములన్నీ పంచేసేరంట్రా, చూసి రా" అన్నాడు. తీరా వెళ్తే మావో బొమ్మ ప్రతి నోటు మీదా ఉంది. ఇక్కడ గాంధీ ఉన్నట్టే. ఆ సంగతి మామయ్యకి చెప్పలేదు.

మా ఇంట్లో సముద్రం దాటినవాళ్ళలో నేను మూడోవాణ్ణి. అమ్మకి తాత 1930ల్లో కాకినాడలో ఓడెక్కి రంగూన్ పోయాడు. రేవులో బియ్యం బస్తాలు మోశాడు. బర్మావాళ్ళు మన కూలీల్ని కోరంగీలనేవారు, మా పక్కనున్న కోరంగి రేవు పేరు పెట్టి. అది మర్యాదకి అన్న మాట కాదు. 1930 మేలో రంగూన్ రేవు దగ్గర తెలుగు కూలీల మీద పడి చంపారు. ఆ కబురు తెలిసీ మనవాళ్ళు ఓడలెక్కారంటే ఇక్కడ పాలేరుతనం ఎలా ఉండేదో ఆలోచించండి. 1942లో జపానువాళ్ళు వచ్చిపడ్డాక తాత అడవుల్లోంచి నడిచొచ్చాడు. తర్వాత అమ్మ కువైట్. ఆయన వీపుని నమ్ముకుని పోయాడు, అమ్మ చేతుల్ని నమ్ముకుని పోయింది. నేను నాలికని నమ్ముకున్నాను. అంతే తేడా అనుకున్నాను.

2015 ఆగస్టులో సామర్లకోటలో హౌరా రైలెక్కి, కలకత్తాలో విమానమెక్కి కున్‌మింగ్‌లో దిగాను. అక్కణ్ణుంచి మళ్ళీ రైలు. హుబే రాష్ట్రంలో, యాంగ్‌ట్సీ నది ఒడ్డున యీచాంగ్ అనే ఊరు. ఊళ్ళోనే నదికి అడ్డంగా గెజౌబా ఆనకట్ట. ఎగువన త్రీ గోర్జెస్ డ్యామ్. డెల్టాలో పుట్టినవాణ్ణి కదా, ఆనకట్ట చూడగానే ప్రాణం లేచొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొరకి మా జిల్లాలో అడుగడుక్కీ విగ్రహాలున్నాయి. కాలవ మట్టి మోసినవాళ్ళకి పేర్లే లేవు, ఆ కాలవ కింద సెంటు భూమీ లేదు. త్రీ గోర్జెస్ కోసం పన్నెండు లక్షలమందికి పైగా ఇళ్ళు వదిలారు. డ్యామ్ చూడ్డానికి వెళ్తే ఆ లెక్క తప్ప మెగావాట్ల లెక్కలన్నీ గైడు చెప్పింది.

ట్యూషను సెంటరు యజమాని మొదటిరోజే నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, అలవాటు. తల్లిదండ్రులు 'నేటివ్ స్పీకరు' కోసం డబ్బు కడుతున్నారు, ఎవరడిగినా లండన్‌లో పుట్టానని చెప్పు అన్నాడు. నేటివ్ అంటే ఏంటి? పుట్టుకతో వచ్చినవాడు. చదువుతో వస్తే చెల్లదు. ఇంగ్లీషు నా బతుకులో నాకు పుట్టుకతో రానిది ఒక్కటే. అది చదివితే పుట్టుక అడ్డం రాదని నమ్మి చదివాను. రాత్రిళ్ళు ఎం.ఏ. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని చదివితే, చివరికి ఆ ఇంగ్లీషుకి కూడా ఒక పుట్టుక ఉందని తేలింది.

"సరే" అన్నాను. కాకినాడలో ఇంటిపేరు, యీచాంగ్‌లో లండన్. నాకు కొత్తేమీ కాదు.

నాతోపాటు ఒక ఉక్రెయిన్ కుర్రాడు చేసేవాడు. మంచివాడే. వాక్యం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు, వ్యాకరణం నన్నే అడిగేవాడు. అతనికి పద్నాలుగు వేల యువాన్లు, నాకు ఆరువేలు. అతను తెల్లగా ఉంటాడు. సెంటరు బయట వేసిన పెద్ద ఫొటోలో అతనే ఉన్నాడు. నన్ను నల్లగా ఉన్నందుకు పిల్లలు ముట్టుకుని చూసేవాళ్ళు, రంగు చేతికంటుతుందేమోనని. దానికి నాకు కోపం రాలేదు. మా దగ్గర ముట్టుకోరు కదా.

పాఠాలంటే ఆటపాటలే. నాలుగేళ్ళ పిల్లల నుంచి పదీ పన్నెండేళ్ళవాళ్ళ దాకా. 'థాంక్యూ' అనమంటే 'సాంక్యూ' అనేవాళ్ళు. మనవాళ్ళు ప్రతి మాటకీ చివర ఒక కొమ్ము తగిలిస్తారు, బుక్కు, పెన్ను అని. ప్రపంచంలో ప్రతివాడూ ఇంగ్లీషుకి తన మట్టి కొంత పూస్తాడు. అది తప్పని చెప్పడానికే నాకు జీతం.

అక్కడ కులం లేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఏ హోటల్లోనైనా ఏ బల్లమీదైనా కూర్చోవచ్చు. అలాగని స్వర్గం అనుకోకండి. సెంటరు ఊడ్చే ఆవిడది పల్లెటూరు. అక్కడ ప్రతి మనిషికీ హుకోవ్ అని ఒక కుటుంబ నమోదు పుస్తకం ఉంటుంది. పల్లె హుకోవ్ ఉన్నవాళ్ళ పిల్లలకి పట్నం సర్కారు బళ్ళో సీటు దొరకడం కష్టం. ఆవిడ కొడుకు ఊళ్ళో ముసలాళ్ళ దగ్గర పెరిగేవాడు. ఏడాదికోసారి కొత్త సంవత్సరానికి చూసొచ్చేది. నేనూ అలా అమ్మమ్మ దగ్గర పెరిగినవాణ్ణే, కువైట్ నుంచి అమ్మ గొంతు క్యాసెట్లో వింటూ.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్న కిటికీ తీస్తే ఎదుటి అపార్టుమెంటు బాల్కనీల నిండా మాంసం వేలాడుతోంది. పొడుగ్గా కోసి, ఉప్పు రాసి, తీగల మీద ఆరేశారు. లా రౌ అంటారు దాన్ని. కొత్త సంవత్సరానికి ముందు ప్రతి ఇంట్లోనూ చేస్తారు, డాక్టర్ల ఇళ్ళల్లోనూ, ప్రొఫెసర్ల ఇళ్ళల్లోనూ. వాళ్ళది పందిమాంసం. మాది పెద్దమాంసం. మా ఇంటి ముందు దండెం మీద ఇలాగే తునకలు ఎండేవి. కాకులు తోలడం నా పని. "మీ ఇంటి మీదే కాకులెందుకు తిరుగుతాయిరా?" అని బళ్ళో నవ్వేవారు. బడికెళ్ళే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవాణ్ణి. ఇక్కడ సూటు వేసుకున్న పెద్దమనిషి బాల్కనీలో నిలబడి ముక్కలు తిరగేస్తున్నాడు. చాలాసేపు అలా చూస్తూ నిలబడిపోయాను. ఆరోజు పాఠానికి ఆలస్యమై యాభై యువాన్లు కోశారు.

2016 జనవరి 17న హైదరాబాదులో రోహిత్ వేముల చనిపోయాడు. ఆ ఉత్తరం యీచాంగ్‌లో నా గదిలో ఫోన్లో చదివాను. పుట్టుక గురించి అతను రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నవాడు. అతను దాచలేదు. నేను సముద్రం దాటొచ్చి లండనువాణ్ణని చెప్పుకుంటున్నాను.

ఏప్రిల్లో ఉగాది. ఊళ్ళో డాక్టరు చదువుతున్న తెలుగు పిల్లలు పచ్చడి చేశారు, నన్నూ పిలిచారు. పులిహోర, బూరెలు, సినిమా పాటలు. తెలుగు వినేసరికి చెవులు చల్లబడ్డాయి. మాటల్లో రోహిత్ సంగతొచ్చింది. "అతను అసలు ఎస్సీయే కాదంట కదా" అన్నాడొక కుర్రాడు. నేనేమీ అనలేదు. రామచంద్రపురం దగ్గరివాడట. నన్ను చూసి, "ద్రాక్షారామంలో ఎక్కడ సార్, గుడి దగ్గరా?" అన్నాడు. కాలవగట్టు అన్నాను. కొంచెం ఆగి, నవ్వుతూ, "మీరేవిట్లు సార్?" అన్నాడు.

ఇంటిపేరు చెప్పాను. వాడి మొహం విప్పారింది. "అయితే మనోళ్ళే సార్!" అని ఇంకో బూరె నా పళ్ళెంలో వేశాడు.

తిన్నాను.

జూన్ 9న వాళ్ళకి పడవల పండగ. చూ యువాన్ అనే పాతకాలపు కవి, మంత్రిగా ఉండి చాడీలకి బలై, దేశం వెళ్ళగొడితే నదిలో పడి చచ్చిపోయాడట. శవాన్ని చేపలు తినకుండా జనం నదిలో అన్నం వేశారని కథ. అందుకని ఆ పండక్కి ఆకుల్లో జిగురు బియ్యం కట్టి ఉడకబెడతారు. చూ యువాన్‌ది యీచాంగ్ దగ్గరి జిగ్వీ. నా దగ్గర చదివే పదేళ్ళ పిల్ల నాయనమ్మదీ అదే. పాత జిగ్వీ ఊరు 2003లో డ్యామ్ నీళ్ళు నిలబెట్టాక మునిగిపోయింది. ముసలావిడ రోజూ మనవరాల్ని తీసుకొచ్చి, పాఠం అయ్యేదాకా బయట బల్లమీద కూర్చునేది. పండగరోజు నన్ను ఇంటికి పిలిచింది. ఆకులు, బియ్యం, దారం ముందేసుకుని కూర్చుంది.

నాకు కూచోబుద్ధి కాలేదు. మా అమ్మ పనసాకులు చీపురుపుల్లలతో కుట్టి పొట్టిక్కబుట్టలు చేస్తుంటే పక్కన కూర్చుని కుట్టినవాణ్ణి. ఒక ఆకు తీసుకున్నాను. వాళ్ళ మడత వేరు, కానీ ఆకు ఎక్కడ విరుగుతుందో ఎక్కడ వంగుతుందో చేతికి తెలుసు. మూడోది సరిగ్గా కుదిరింది. ముసలావిడ నా చేతులకేసి చూసి ఏదో అంది. మనవరాలు నాకు ఇంగ్లీషులో చెప్పింది. "లండన్లో కూడా ఆకుల్లో అన్నం వండుతారా అని అడుగుతోంది, టీచర్."

నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఎందుకో అమ్మ కింద పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది. "లండన్ కాదు. యిన్‌దూ" అన్నాను. యిన్‌దూ అంటే ఇండియా. ఫోన్లో గోదావరి చూపించాను. మా కాలవ, మా పేట, మా అమ్మ. "మీ అమ్మ ఏం పనిచేస్తుంది?" అంది. ఇళ్ళల్లో పని అని చెప్పాను. ముసలావిడ తల ఊపి ఇంకో ఆకు నా చేతికిచ్చింది. అంతే. నిజం చెప్తే ఆకాశం విరిగి పడుతుందనుకున్నవాడికి అది చాలా చిన్న సంగతిలా అనిపించింది.

కానీ చిన్న సంగతి కాదు. మర్నాడు ఆ పిల్ల క్లాసులో అందరికీ చెప్పేసింది. దాని తప్పేముంది? ముగ్గురు తల్లిదండ్రులు ఫీజు వెనక్కిమ్మని యజమాని మీద పడ్డారు. అందులో ఆ పిల్ల తల్లి ఒకర్తె. నన్ను క్లాసుల్లోంచి తీసి వెనకగదిలో పేపర్లు దిద్దడానికి వేశాడు. జీతం నాలుగు వేలు చేశాడు. ముసలావిడ మాత్రం వచ్చినప్పుడల్లా వెనకగది తలుపు దగ్గరకొచ్చి "లావ్‌షీ" అని పలకరించేది. లావ్‌షీ అంటే మాస్టారు.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి జరిగిందంతా చెప్పాను. కాకినాడ సంగతి కూడా ఎత్తాలనుకున్నాను. "అడిగింది కదా, చెప్పేవు" అంది అమ్మ. "తిన్నావా?" అంది.

ఆగస్టులో అమలాపురం వార్త వచ్చింది. కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత అన్నదమ్ముల్ని గోరక్షకులమంటూ పట్టుకుని కొట్టారు. నా కిటికీ ఎదురుగా మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ బాల్కనీల్లో మాంసం ఎండింది. ఈసారి చూడబుద్ధి కాలేదు.

2017 ఏప్రిల్ 1 నుంచి చైనా దేశమంతటా విదేశీ పనివాళ్ళకి కొత్త పద్ధతి పెట్టింది. ఎ, బి, సి అని మూడు తరగతులు. భాష నేర్పేవాడు తన మాతృభాషే నేర్పాలన్న నిబంధన గట్టిగా పట్టుకున్నారు. నన్ను తెచ్చింది వ్యాపార వీసా మీద. పోలీసులు వస్తారేమోనని రెండు నెలలు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. జూన్‌లో వచ్చేశాను. అమ్మ నాలుగు కాసుల్లో మూడు తిరిగొచ్చాయి.

2018 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు ఇంగ్లీషు ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ బళ్ళల్లో ఇంగ్లీషు మీడియం పెడతామని 2019లో జీవో ఇస్తే మాతృభాష చచ్చిపోతుందని గోల చేశారు, తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపేవాళ్ళే. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. మాతృభాష మీద నాకూ ప్రేమే. కానీ ఆ భాషలో నన్ను మొదట అడిగిన ప్రశ్న ఏంటో నాకు గుర్తుంది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం చైనా యాప్‌లు ఆపినప్పుడు విచాట్ పోయింది. దాంతోపాటు ఆ ముసలావిడ పంపే పండగ ఫొటోలూ పోయాయి. బతికుందో లేదో.

2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. మంత్రి దళితుడు. బడులు తెరిచాక స్టాఫ్ రూములో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనెత్తితే టైంటేబుల్ గురించి మాట్లాడారు. నాలుగు రోజుల తర్వాత, కొత్తగా బదిలీ మీదొచ్చిన ఒక మాస్టారు టీ తాగుతూ నా పక్కకి జరిగి, ఇంటిపేరు విని, చనువుగా అడిగాడు. ఏమడిగాడో మీకు తెలుసు.

"మాలోళ్ళమండీ, ఆయ్" అన్నాను. టీ చల్లారింది ఆయనకి.

మొన్న ఎనిమిదో తరగతిలో మీ గురించి ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాయమన్నాను. వెనక బెంచీలో ఒక పిల్ల మూడు రాసి పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఏమ్మా అంటే లేచి నిలబడింది. "పేటని ఇంగ్లీషులో ఏమంటారు సార్?" అంది. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు.

"పేట అనే అంటారు. రాయి" అన్నాను.

రాసింది. చివర 'ఎ' వదిలేసింది. అది పెట్టించాను.